రసీదు వెనుక చిన్న అక్షరములు

లాండ్రీకి ఇచ్చిన పట్టుచీర పోయినది. దుకాణదారు రసీదు తిరగవేసి, "ఇక్కడ అచ్చువేసినది చూడండమ్మా! వస్తువు పోతే సగము ధరే ఇస్తాము" అన్నాడు. మా శ్రోతలలో కొందరికైనను ఇట్టి అనుభవము కలిగియుండును. ఆ గృహిణి సగము సొమ్ముతో ఇంటికి తిరిగి రావలసినదేనా?

సరిగా ఇట్టి వివాదమే మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చినది. ఆ తీర్పు 1966 నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైనది. ఆ షరతు చెల్లదని న్యాయస్థానము నిర్ణయించినది. కారణము తేటతెల్లము. సగము ధర చెల్లించిన చాలుననుకొన్నచో, కొత్తచీరను కాజేసినవానికి లాభమే కాని నష్టము లేదు. అజాగ్రత్తకు బహుమానమిచ్చు షరతు ప్రజాహితమునకు విరుద్ధము.

1872 నాటి మన ఒప్పందముల చట్టము 23వ సెక్షను ప్రకారము, ప్రజాహితమునకు విరుద్ధమైన ఒప్పందము చెల్లదు. వివేకవంతుడు తన సొత్తును ఎంత జాగ్రత్తగా చూచుకొనునో, తనకు అప్పగించిన సొత్తును కూడ అంత జాగ్రత్తగానే చూడవలెనని 151వ సెక్షను చెప్పుచున్నది.

అయితే పూచీని పరిమితము చేయు షరతులన్నియు అన్యాయములని మేము అనము. స్వల్పమైన కూలికి విలువైన సామాను మోయు వర్తకుడు, "విలువ ముందుగా చెప్పండి, లేనిచో ఇంతవరకే మా పూచీ" అనుట సమంజసమే. మనము విచారింపవలసినవి రెండు. షరతు ఆ బాధ్యతను పరిమితము చేయుచున్నదా, మొత్తముగా తుడిచివేయుచున్నదా? ఒప్పందమునకు ముందే అది మనకు తెలిసినదా?

ఈ రెండవ ప్రశ్నకు ఇంగ్లండులో 1949లో వచ్చిన తీర్పు ప్రసిద్ధము. దంపతులొకరు హోటలులో ముందుగా సొమ్ము చెల్లించి గదికి వెళ్లినారు. పోయిన వస్తువులకు తాము బాధ్యులము కామను ప్రకటన ఆ గదిలో ఉన్నది. తరువాత వారి బొచ్చుకోటు దొంగిలింపబడినది. ఒప్పందము ముగిసిన పిమ్మట కంటబడిన ప్రకటన అందులో భాగము కాజాలదని న్యాయస్థానము తేల్చినది.

నేడు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కూడ మనకు అండగా ఉన్నది. సేవాలోపమునకు జిల్లా కమిషనులో పరిహారము కోరవచ్చును.

కనుక విలువైన చీర ఇచ్చునప్పుడు దాని ధరను రసీదుమీద వ్రాయించండి. రసీదును భద్రపరచండి. అన్నిటికంటె ముఖ్యము, సగము సొమ్ము పుచ్చుకొని "పూర్తిగా ముట్టినది" అని సంతకము చేయుటకు ముందు ఒక్క క్షణము ఆగండి. అచ్చయిన ప్రతి మాటయు చట్టము కాదు.