హోసూరు నుంచి దేవనహళ్లికి: అపోహలు, వాస్తవాలు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల వారికి దగ్గరి అంతర్జాతీయ విమానాశ్రయం బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయమే. బెంగళూరు పక్కనే ఉంది కాబట్టి విమానాశ్రయమూ పక్కనే అన్నది ఇక్కడ పాతుకుపోయిన అపోహ. విమానాలు హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచి ఎగిరినన్నాళ్లూ అందులో కొంత నిజముండేది. 2008 మేలో రాకపోకలు దేవనహళ్లిలోని ఈ విమానాశ్రయానికి మారాయి. హోసూరు ఉన్నది బెంగళూరుకు దక్షిణాన, దేవనహళ్లి ఉత్తరాన. మధ్య దూరం దాదాపు 75 కిలోమీటర్లు. సిల్క్ బోర్డు దగ్గరో, హెబ్బాళ దగ్గరో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. కృష్ణగిరి నుంచి బయల్దేరేవారు మరో 50 కిలోమీటర్లు కలుపుకోవాలి. 2025 ఆగస్టులో మొదలైన బెంగళూరు మెట్రో పసుపు మార్గం బొమ్మసంద్ర నుంచి ఆర్‌వీ రోడ్డు వరకే. అది విమానాశ్రయానికి పోదు.

టెర్మినల్ ఏదైనా ఒకటే అనుకోవడమూ పొరపాటే. 2023 సెప్టెంబరు నుంచి అంతర్జాతీయ విమానాలు రెండో టెర్మినల్‌లోనే దిగుతున్నాయి.

అసలు చిక్కు మధ్యలో విమానం మారేవారిది. పెట్టెకు కట్టిన చీటీ మీద బెంగళూరు కోడ్ 'బీఎల్‌ఆర్' ఉంటే సామాను నేరుగా బెంగళూరులోనే చేతికొస్తుందని చాలామంది నమ్మకం. అది వచ్చే దారిని బట్టి ఉంటుంది. లండన్ నుంచి దుబాయ్ మీదుగా ఒకే టికెట్‌పై వస్తే అలాగే జరుగుతుంది. ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ బెంగళూరులోనే. అదే ఢిల్లీలో దిగి దేశీయ విమానం ఎక్కాలంటే, సాధారణంగా ఢిల్లీలోనే ఇమిగ్రేషన్ ముగించుకోవాలి. బెల్టు మీది పెట్టె దించుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ కౌంటర్లో అప్పగించాలి. చీటీ మీద ఏమున్నా సరే. ఇది తెలియక ఉత్త చేతులతో రెండో విమానం ఎక్కినవారి పెట్టె ఢిల్లీలోనే ఉండిపోతుంది. అమెరికాలోనూ సాధారణంగా ఇదే పద్ధతి: మొదట దిగిన చోటే సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి. అబుదాబి నుంచి నేరుగా అమెరికాకు ఎగిరేవారికి మాత్రం ఆ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది.

రెండు టికెట్లు విడివిడిగా కొంటే చౌక, ఆలస్యమైతే విమాన సంస్థే చూసుకుంటుందన్న ధీమా ఇంకా ఖరీదైనది. ఒకే పీఎన్‌ఆర్ మీద ప్రయాణిస్తూ, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి విమానంలో చోటు చూపించాల్సింది సంస్థే. విడి టికెట్లకు ఆ పూచీ ఉండదు. నాలుగు వేలు మిగులుతాయని చూసి కొత్త టికెట్టుకు ముప్పై వేలు పెట్టే పరిస్థితి తెచ్చుకోకూడదు.

హోసూరుకే విమానాశ్రయం వచ్చేసిందన్న ప్రచారమూ వినిపిస్తుంటుంది. హోసూరు దగ్గరి బేళగొండపల్లిలో ఉన్నది తనేజా ఏరోస్పేస్ సంస్థ ప్రైవేటు రన్‌వే. ఏటా 3 కోట్ల మంది ప్రయాణించేలా 2,000 ఎకరాల్లో హోసూరులో అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని 2024 జూన్‌లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో ప్రకటించారు. అయితే బెంగళూరు విమానాశ్రయ ఒప్పందం ప్రకారం, ఆ విమానాశ్రయం మొదలైన 25 ఏళ్ల వరకు, అంటే 2033 దాకా, 150 కిలోమీటర్ల లోపు మరో అంతర్జాతీయ విమానాశ్రయానికి ఆంక్ష ఉంది. మైసూరు, హాసన్‌లకు మినహాయింపు ఉంది గానీ ఆ జాబితాలో హోసూరు లేదు.