నోరు కట్టేసినా ఆగని నురగ

సోడా, మంచినీళ్లు, క్యాలెండరు, చివరికి విమానం. భారత్‌లో బీరు వేయని వేషం లేదు. ఒక్క వేషం మాత్రం నిండా ముంచింది

జర్మనీలో బీరుకూ పంచాంగం ఉంది. వేడికి పాడవుతోందని బవేరియా పాలకులు 16వ శతాబ్దంలో వేసవి నెలల్లో బీరు తయారీని నిషేధించారు. దాంతో మార్చిలోనే కాస్త ఘాటుగా తయారుచేసి నేలమాళిగల్లో దాచుకోవడం అలవాటైంది. 'మార్చి బీరు' అన్న పేరు అలా పుట్టిందే. 1810లో యువరాజు పెళ్లి సంబరంగా మొదలైన మ్యూనిక్ ఆక్టోబర్‌ఫెస్ట్ ఇప్పుడు సెప్టెంబర్‌లోనే మొదలైపోతుంది. దాహానికి నెలలతో పనేముంది? అమెరికన్లయితే ఆకులు రాలే కాలానికి గుమ్మడికాయ బీరు కూడా కనిపెట్టారు.

మన దేశంలో బీరుకు ఇన్ని రుతువుల్లేవు. ఉన్నది ఒక్కటే, ఎండాకాలం. రోళ్లు పగిలే ఎండలో దుకాణం ముందు నిలబడ్డ వాడు బ్రాండ్ కన్నా ముందు అడిగేది 'కూలింగ్ ఉందా?' అనే. చిక్కేమిటంటే, వ్యాపారానికి ఆయువుపట్టయిన ఆ మూడు నెలల్లోనూ కంపెనీ తన సరుకు గురించి టీవీలో చెప్పుకోకూడదు. 2000లో సవరించిన కేబుల్ టీవీ నిబంధనలు మద్యం ప్రకటనలకు తలుపు మూసేశాయి.

కిటికీ తెరుచుకోవడానికి ఎంతో కాలం పట్టలేదు. బీరు మంచినీళ్లయింది, విస్కీ సోడా అయింది, రమ్ము పాటల సీడీ అయింది. మరో విస్కీ ఏకంగా యాపిల్ రసం అవతారమెత్తింది. గుక్కెడు మంచినీళ్లు తాగి తెల్లవార్లూ చిందులేసే కుర్రకారును చూసి, ఆ నీళ్లలో ఏం కలిపారని అడిగిన ప్రేక్షకుడు లేడు. 2002లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ కళ్లెర్రజేసి ఛానళ్లకు నోటీసులిచ్చింది. వేషాలు మారాయి తప్ప నాటకం ఆగలేదు.

పోనీ, నోటికి తాళం లేని చోట బీరు సుఖంగా ఉందా అంటే అదీ లేదు. అమెరికాలో ఒకప్పుడు వెలుగు వెలిగిన ష్లిట్జ్ 1977లో కండలు తిరిగిన మనుషులతో ప్రకటనలు తీసింది. తమ బీరు మార్చుకోమంటే వాళ్లు ఉరిమి చూసేవారు. 'ష్లిట్జ్ తాగుతావా, చస్తావా' అన్న ప్రకటనలని జనం వాటికి పేరు పెట్టి నవ్వుకున్నారు. అప్పటికే రుచి మారి అలిగిన ఖాతాదారులను బెదిరిస్తే ఉంటారా? 1982లో కంపెనీ చేతులు మారింది. 2018లో హైనెకెన్ 'లేత రంగే మేలు' అనే అర్థమొచ్చే ప్రకటన తీసింది. బార్‌మన్ తోసిన సీసా నల్లజాతి వారిని దాటుకుంటూ వెళ్లి లేత మేనిఛాయ ఉన్న మహిళ దగ్గర ఆగుతుంది. జాతివివక్ష అన్న విమర్శలు చెలరేగడంతో దాన్ని వెనక్కి తీసుకోక తప్పలేదు.

అక్కడ బెడిసికొట్టింది టీవీ ప్రకటన. ఇక్కడ బెడిసికొట్టింది ఓ విమానయాన సంస్థ. కింగ్‌ఫిషర్ పేరుతో 2003లో క్యాలెండర్ వచ్చింది, 2005లో ఏకంగా విమానాలే ఎగిరాయి. విజయ్ మాల్యా సంస్థను ఉత్త ప్రకటన అనడం అన్యాయమే. దానికి పైలట్లున్నారు, టికెట్లున్నాయి, భోజనం బాగుండేదన్న పేరూ ఉంది. కానీ ఆకాశమంత హోర్డింగ్ మీద బీరు పేరు రాసుకునే భాగ్యం ఇంకెవరికి దక్కింది? 2012 అక్టోబర్‌లో విమానాలు నేలకు దిగిపోయాయి. నెలల తరబడి జీతాల్లేని ఉద్యోగులు రోడ్డెక్కారు. బ్యాంకులకు వేల కోట్ల బాకీ మిగిలింది. 2016లో మాల్యా దేశం దాటారు. విచిత్రంగా బీరుకు మాత్రం ఏమీ కాలేదు. అది ఎప్పట్లాగే అమ్ముడుపోయింది. 2021లో దాన్ని తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ పగ్గాలు హైనెకెన్ చేతికి వెళ్లాయి.

అసలు సిసలు ప్రచారం తెలంగాణలో పైసా ఖర్చు లేకుండా జరిగింది. పాత బాకీలు తీర్చలేదని, 2019-20 నుంచి ధర పెంచలేదని ఆ కంపెనీ 2025 జనవరి 8న ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌కు సరఫరా ఆపేసింది. ఇక చూడాలి. టీవీలో పేరెత్తకూడని బీరు పేరు వార్తల్లో మోగిపోయింది. ఏ నిబంధనా అడ్డురాలేదు, ఎందుకంటే అది వార్త. జనవరి 20న సరఫరా మళ్లీ మొదలైంది. ఫిబ్రవరిలో ప్రభుత్వం ధర 15 శాతం పెంచింది. అప్పటికి ఎండలు ఇంకా ముదరలేదు.