రొమ్ము క్యాన్సర్: ఎక్కువ మందికి వచ్చేది ఒక చోట, ఎక్కువ ప్రాణాలు పోయేది ఇంకో చోట

"మందులు కొట్టని తిండి తింటున్నాం, మనకెందుకండీ క్యాన్సర్?" అని రైతు సోదరులు చాలామంది అంటుంటారు. దేశాలవారీ లెక్కలు చూస్తే ఈ మాటలో కొంత నిజం ఉంది, కొంత ప్రమాదమూ ఉంది.

2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 22.6 లక్షల మంది ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడింది. 6.85 లక్షల మంది చనిపోయారు. వయసు తేడాలు సరిచేసి చూస్తే ఏడాదికి లక్ష మంది ఆడవాళ్ళలో బెల్జియంలో 113 మందికి, అమెరికాలో 90 మందికి వస్తోంది. మన దేశంలో 26 మందికే.

ఇదంతా జాతి వల్ల, రక్తం వల్ల అనుకోడానికి లేదు. జపాన్‌లో ఒకప్పుడు ఈ జబ్బు చాలా తక్కువ. అక్కడి నుంచి హవాయి, కాలిఫోర్నియా వెళ్ళి స్థిరపడిన కుటుంబాల్లో ఒకటి రెండు తరాలకే అమెరికా వాళ్ళ లెక్కకి దగ్గర పడింది. మారింది బతుకు తీరు. ఆలస్యంగా కాన్పులు, తక్కువ మంది పిల్లలు, ఒళ్ళు పెరగడం, మద్యం, కూర్చుని చేసే పని. తల్లిపాలు ఇచ్చే కాలం తగ్గడం కూడా. 30 దేశాల అధ్యయనాలు కలిపి 2002లో లెక్క వేస్తే, పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతోందని తేలింది.

మరి పురుగు మందులు? చిన్నతనంలో, 14 ఏళ్ళ లోపే డీడీటీ బాగా సోకిన వాళ్ళలో ముప్పు ఐదు రెట్లని కాలిఫోర్నియా అధ్యయనం ఒకటి 2007లో చెప్పింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో చేసిన పెద్ద అధ్యయనంలో మాత్రం అలాంటి సంబంధం కనపడలేదు. మందులు మానడానికి మనకి వేరే కారణాలు బోలెడున్నాయి. అంతా వాటి వల్లే అని మాత్రం నేను చెప్పను.

అసలు చూడాల్సిన లెక్క ఇది. బాగా అభివృద్ధి చెందిన దేశాల్లో 12 మంది ఆడవాళ్ళలో ఒకరికి ఈ జబ్బు బయటపడుతుంది, 71 మందిలో ఒకరు చనిపోతారు. బాగా వెనకబడిన దేశాల్లో 27 మందిలో ఒకరికే బయటపడుతుంది, కానీ 48 మందిలో ఒకరు పోతారు! మన దగ్గరా చాలామంది ముదిరాకే ఆసుపత్రికి వస్తున్నారు. మొదట్లో గడ్డకి నొప్పి ఉండదు. చెప్పుకోడానికి సిగ్గు. మిరప కోతలు అయ్యాక చూద్దాంలే అంటారు. ఈలోగా ఎవరో ఆకు పసరు కట్టమంటారు. కషాయాలు పైరుకి కొట్టండి, గడ్డకి వద్దు.

రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ, చర్మం సొట్ట పడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, వీటిలో ఏది కనపడినా ఆ వారంలోనే డాక్టరుకి చూపించండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స ఉంది. కింది వీడియో ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చూపించండి.