ఈసారి ఎవరంటావక్కా?

ఆళ్లగడ్డలో బ్యాంకు కౌంటరు వెనక కూర్చున్నవాళ్లకు ఎన్నికల ఏడాదిలో ఒక ప్రశ్న తప్పదు. పాస్‌బుక్కు లోపలికి తోస్తూ "ఈసారి ఎవరంటావక్కా?" అంటారు. బయటివాళ్లకు జోస్యం అడిగినట్టుంటుంది. ఇక్కడ దాని అర్థం, నువ్వు ఎవరి మనిషివని. భూమా, గంగుల కుటుంబాల మధ్య దశాబ్దాలుగా పోటీ నడిచిన ఊరిది. అందుకే "నాకు రాజకీయాలు తెలియవన్నా" అంటే చెల్లదు. చెప్పలేదంటే అవతలి పక్షమేనని లెక్క కట్టేస్తారు.

నేను నంద్యాల నుంచి రోజూ బస్సులో వస్తాను. ఆ వంకే నన్ను కాపాడుతుంది. "నా ఓటు నంద్యాలలో ఉందన్నా, ఈడ సంగతి నువ్వే చెప్పాల" అంటాను. నోట్లు లెక్కపెట్టేలోపు ఆయనే అంతా చెప్పేస్తాడు. "అట్లనా" అంటాను. పొరపాటున "అవును" అన్నానా, సాయంత్రానికి టీ అంగడిలో అది నా మాటగా తిరుగుతుంది. 2014 ప్రస్తావన వస్తే ఆ "అట్లనా" కూడా అనను. పోలింగుకు ముందు రోడ్డు ప్రమాదంలో పోయిన అభ్యర్థి శోభా నాగిరెడ్డిని జనం ఓట్లేసి గెలిపించిన ఊళ్లో, వినడమే మర్యాద.

నంద్యాలలో పెళ్లి భోజనాల దగ్గర ఈ వంక పనిచేయదు. ఓటు అక్కడే కదా! అక్కడ పాత రాజకీయం తీస్తాను. 1991 నంద్యాల లోక్‌సభ ఉప ఎన్నికలో పీవీ నరసింహారావు సుమారు 5 లక్షల 80 వేల మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. ఈ కథలో కాంగ్రెసాయనకు ప్రధాని దొరుకుతాడు, తెలుగుదేశం ఆయనకు ఎన్టీఆర్ పెద్దమనసు దొరుకుతుంది. ఇంకా పెద్దవాళ్లుంటే 1977కు వెళ్తాను. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలకు 41 కాంగ్రెస్ గెలిస్తే, జనతా పార్టీ నీలం సంజీవరెడ్డిని గెలిపించింది నంద్యాల ఒక్కటే. ఆయన ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు. ఈలోగా పెరుగన్నం వచ్చేస్తుంది.

ఇదివరకు మాటను సినిమాల మీదికి మళ్లించేవాళ్లం. ఆ దారి 2024 మే 11న మూసుకుపోయింది. ప్రచారం చివరి రోజు అల్లు అర్జున్ నంద్యాలలో వైసీపీ అభ్యర్థి శిల్పా రవి ఇంటికొచ్చాడు. అదే రోజు రామ్ చరణ్ మాత్రం అవతలి పక్షాన పవన్ కల్యాణ్ పోటీ చేస్తున్న పిఠాపురం వెళ్లాడు. అప్పటి నుంచి మా పిల్లలు పాట పెట్టాలన్నా, పక్కన ఎవరున్నారో చూసుకుంటున్నారు.

ప్రభుత్వ ఉద్యోగులది నయం. రాజకీయాల్లో తలదూర్చొద్దనే 1964 నాటి ప్రవర్తనా నియమాలు వాళ్లకు గొడుగు. టీచరైన మా మరిది "ఉద్యోగం పోతాదన్నా" అని నవ్వేస్తాడు, ఎవరూ రెట్టించరు. పదిమందితో వ్యాపారం చేసేవాడికే కష్టం.

ఆళ్లగడ్డ శిల్పులనే చూడండి, దేవుళ్ల విగ్రహాలతో పాటు నాయకుల విగ్రహాలూ చెక్కుతారు. ఒకసారి రోడ్డు పక్క శిల్పశాలలో, విగ్రహం చేయించడానికొచ్చిన ఒకాయన తన నాయకుణ్ణి పొగిడి, అవతలి నాయకుణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. అవతలాయన విగ్రహం సగం చెక్కి అక్కడే ఉంది. శిల్పి ఉలి పక్కన పెట్టి, "అన్నా, మీ ఆయనకు కండువా ఏ భుజం మీద వేయమంటావు? కళ్లద్దాలు ఉండాల్నా?" అన్నాడు. తిట్లు ఆపి ఆయన ఫోనులో ఫోటోలు వెతకసాగాడు. కళ్లద్దాలున్న ఫోటో ఒకటి, లేనిది ఒకటి దొరికాయి. వెంట వచ్చినవాళ్లతో ఆయన వాదన ఇక వాటి మీదే.