రిపోర్టు నెగటివే, మరి భయమెందుకు?

ఒక కుర్రవాడి సంగతి రాస్తున్నాను. అతని అనుమతి ఉంది. ఊరూ, సందర్భమూ మాత్రం మార్చాను.

కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లి భోజనాల దగ్గర అతని తల్లి నన్ను పక్కకు పిలిచింది. "అన్నయ్యగారూ, మావాడు పెళ్లి అనగానే మాట దాటేస్తున్నాడు. మంచి సంబంధాలు మూడు వెనక్కిపోయాయి. మీతో మాట్లాడుతూంటాడుగా, వాడి మనసులో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. నాకు తెలిసిన కారణం వేరు. అది చెప్పే హక్కు నాకు లేదు. "అలాంటిదేమీ లేదమ్మా, కాస్త వ్యవధి ఇవ్వండి" అని తప్పించుకున్నాను. ఆ పూట భోజనం సయించలేదు.

నేను ముప్ఫై ఏళ్లు చెన్నైలో లాబ్ టెక్నీషియనుగా పనిచేసినవాణ్ణి. అందుకే అతను నా దగ్గరకు వచ్చాడు. స్నేహితులతో ఊరు వెళ్లినప్పుడు ఒక రాత్రి పొరపాటు జరిగింది. ఆరు వారాలకు హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకున్నాడు. తర్వాత మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ప్రతిసారీ వేరే లాబులో. అన్నీ నెగటివ్. ఆ కాగితాలన్నీ ఒక ఫైలులో వరసగా గుచ్చి తెచ్చి, "మావయ్యగారూ, రక్తం సీసాలు మారిపోయి ఉంటే? నా ఒంట్లో యాంటీబాడీలు పుట్టవేమో?" అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ మెడకింద వేళ్లతో తడుముకుంటూనే ఉన్నాడు.

అతనికి చెప్పిందే మీకూ చెబుతాను. వైరస్ ఒంట్లో చేరిన తర్వాత అది పరీక్షలో కనబడడానికి కొంత కాలం పడుతుంది. చేతి సిరనుంచి తీసిన రక్తంపై లాబులో చేసే నాలుగో తరం పరీక్షకు 45 రోజులు, యాంటీబాడీలు మాత్రమే చూసే పరీక్షలకు 90 రోజులు దాటితే చాలు. పాత పుస్తకాల్లో ఆరు నెలలని ఉంటుంది, అది అప్పటి కిట్లకు చెప్పిన లెక్క. మధ్యలో మళ్లీ అలాంటి సంపర్కం జరిగినా, నివారణ మందులు వాడినా గడువు మారుతుంది, డాక్టరును అడగాలి. (ఆ మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.)

ఇంకో సంగతి బయటివాళ్లకు తెలియదు. మొదట వాడే కిట్‌ను, ఏ కాస్త అనుమానమున్నా పట్టేసేటట్టు ఎంచుకుంటారు. అందుకే లేనివాళ్లను ఉన్నట్టు చూపించడం అప్పుడప్పుడు జరుగుతుంది, గడువు దాటాక ఉన్నవాళ్లను వదిలెయ్యడం మహా అరుదు. పాజిటివ్ అని ఖాయం చెయ్యడానికే మూడు వేర్వేరు కిట్లు కావాలి.

అంతా విని తల ఊపాడు. పది రోజులకు మళ్లీ వచ్చాడు. ఆరు కిలోలు తగ్గాడట, విరేచనాలవుతున్నాయట. తిండీ నిద్రా లేనివాడు తగ్గడా? రోజుకు యాభైసార్లు నొక్కితే మెడ నొప్పెట్టదా? భయం తెచ్చిన బాధలనే రోగలక్షణాలుగా లెక్కపెట్టుకుంటున్నాడు.

ఈ భయం ఊరికే రాలేదు లెండి. మన దేశంలో హెచ్.ఐ.వి.ని మొదట గుర్తించింది మా చెన్నైలోనే, 1986లో. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తం వేలూరులో పరీక్షిస్తే బయటపడింది. ఆ తర్వాత గోడలమీద పుర్రెబొమ్మలే. 2000 దశకం మొదట్లో ఆంధ్రలో చుట్టాలిళ్లకు వెళ్లినవాళ్లు 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అన్న బోర్డులు చూసే ఉంటారు. ఆ ప్రశ్న చాలామంది బుర్రల్లో అలాగే ఉండిపోయింది. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోందనీ, క్రమంగా వాడేవాళ్లు నిండు జీవితం గడుపుతున్నారనీ అంత గట్టిగా ఎవరూ చాటలేదు.

అయితే అతన్ని తినేస్తున్నది వైరస్ భయం ఒక్కటే కాదని నాకు మెల్లగా అర్థమైంది. "అమ్మ మొహం చూడలేకపోతున్నాను" అన్నాడొకసారి. తప్పు చేశానన్న బాధకు శిక్ష పడి తీరాలని తనే ఎదురుచూస్తున్నాడు. దాన్ని కొలిచే కిట్ ఏ లాబులోనూ లేదు. నెగటివ్ వచ్చిన ప్రతిసారీ నాలుగు రోజులు హాయి, అయిదో రోజున కొత్త అనుమానం. పరీక్షే వ్యసనమైపోయింది.

ఇక్కడ నా పొరపాటు కూడా ఒప్పుకోవాలి. జాలిపడి ఇంకోసారి చేయిద్దాం పద అన్నాను. అయిదో కాగితం ఫైలులో చేరింది, అంతే. ఆరోసారి అడిగినప్పుడు మాత్రం లేదన్నాను. బెంగుళూరులో ఉద్యోగం కనుక అక్కడే ఒక మానసిక వైద్యుణ్ణి చూడమన్నాను. "నాకు పిచ్చా?" అని నెలరోజులు మాట్లాడలేదు. చివరికి వెళ్లాడు. కొద్దిపాటి మందులతో బాటు ఆ డాక్టరు పెట్టిన షరతులు ఇవి: మెడ తడమకూడదు, రోగలక్షణాల గురించి వెతికి చదవకూడదు, నన్ను అడగకూడదు. అడిగితే నేను ధైర్యం చెప్పకూడదు! అనుమానాన్ని అలాగే ఉండనిచ్చి ఆ రోజు పని చేసుకోవాలి. నాకు విడ్డూరంగా తోచింది. ఏడెనిమిది నెలల్లో మనిషి తేరుకున్నాడు.

ఇలాంటి బాధ మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే తిట్టకండి, లాబుల చుట్టూ తిప్పకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్షా, సలహా రెండూ ఉచితం. 2018లో అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, పెళ్లి పేరు చెప్పి అయినా సరే, మనిషి ఒప్పుకోకుండా ఈ పరీక్ష చేయించకూడదు. హెచ్.ఐ.వి. సందేహాలకు 1097, మనసు బాధకు టెలి మానస్ 14416 ఉన్నాయి. రెండో నంబరులో తెలుగు కూడా పలుకుతారు, మన ప్రవాసులకు అదొక ఊరట.

అతని పెళ్లి జరిగింది. ఆ అమ్మాయికి ముందే చెప్పాడా అని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. మొన్న ఫోనులో ఫైలు సంగతి ఎత్తితే నవ్వాడు. బీరువాలో పైఅరలో ఉందట. పారెయ్యలేదు, తెరిచీ చాలాకాలమైందట.