మీకు తెలుసా? ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం!

అలారం సెట్ చేస్తాం. విరిగిన ఎముకను డాక్టర్ సెట్ చేస్తారు. స్లాబు సెట్ అయ్యేదాకా సెంట్రింగ్ విప్పరు. అమ్మాయికి సంబంధం సెట్ అయిందంటే ఇంటిల్లిపాదికీ సంతోషం. ఇన్ని పనులు చేసే ఈ మూడక్షరాల ఇంగ్లిషు మాటకు 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో ముద్రణ 430 అర్థాలు ఇచ్చింది. దాని వివరణ ఒక్కటే సుమారు 60 వేల పదాలు. ఓ చిన్న నవలంత!

ఇంత విస్తారానికీ మూలం మాత్రం చాలా మామూలుది. పాత ఇంగ్లిషులో ‘సిట్టన్’ అంటే కూర్చోవడం, ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. మనకు దిగు–దించు, నిండు–నింపు ఉన్నట్టే వాళ్లకీ అలాంటి జంటలు ఉండేవి. చెట్టు పడిపోతే ‘ఫాల్’, గొడ్డలితో పడగొడితే ‘ఫెల్’. అలాంటి జంటే సిట్, సెట్. అలారం ముల్లును ఐదు దగ్గర కూర్చోబెట్టడం, తప్పిన ఎముకను దాని చోట కూర్చోబెట్టడం... అర్థం ఎంత దూరం వెళ్లినా ఆ పాత పని కనబడుతూనే ఉంటుంది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి ఉంది. కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టడాన్ని ఇంగ్లిషు రైతులు సెట్ చేయడం అంటారు. ఉంగరంలో రాయిని బిగించడాన్నీ అదే మాటతో చెబుతారు. మరి మనమో? కోడి గుడ్లను పొదుగుతుంది, కంసాలి ఉంగరంలో కెంపును పొదుగుతాడు. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఒకే ఊహ చేయడం ఎంత ముచ్చటగా ఉందో చూడండి.

ఇక ఆరు గ్లాసుల సెట్, గణితంలో సమితి అనే సెట్ మొదట వేరే మాట. లాటిన్‌లో అనుచరుల గుంపును ‘సెక్టా’ అనేవారు. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి, అక్కడున్న సెట్‌తో కలిసిపోయింది. మతశాఖను సూచించే ‘సెక్ట్’ కూడా ఆ లాటిన్ మాట నుంచి పుట్టిందే.

అయితే అత్యధిక అర్థాల కిరీటం ఇప్పుడు సెట్‌ది కాదు. కొత్తగా సవరించిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ‘రన్’ అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. ఆ ఒక్క మాటను సవరించడానికి సంపాదకుడు పీటర్ గిల్లివర్‌కు దాదాపు 9 నెలలు పట్టింది.