జేబుదొంగలున్నారు, జాగ్రత్త!

ఊళ్ళో బస్సెక్కారు. హైదరాబాదులో ఇమ్లీబన్ బస్టాండులో దిగారు. ఎటు చూసినా జనం. ఎటు చూసినా బోర్డులు. ఇదివరకు ఆ బోర్డులు మనకు ఉట్టి గీతలు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ఒక బోర్డు కనబడింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివారు.

"జేబుదొంగలున్నారు, జాగ్రత్త!"

చదవగానే ఏం చేస్తాం? గుండె గుభేలుమంటుంది. చెయ్యి దానంతట అదే రొండి మీదికి పోతుంది. డబ్బు ఉందా, లేదా అని తడిమి చూసుకుంటాం. ఉంది. అమ్మయ్య అనుకుంటాం.

కాని ఆ బోర్డు పక్కనే ఒకడు నిలబడి ఉండవచ్చు. వాడు మీ చేతినే చూస్తున్నాడు. ఈమె డబ్బు రొండిలో ఉందని వాడికి తెలిసిపోయింది. చెప్పింది ఎవరు? మన చెయ్యే!

జేబుదొంగ కత్తి చూపి బెదిరించడు. కనిపెట్టి దొంగతనం చేస్తాడు. డబ్బు ఎక్కడుందో కనిపెడతాడు. మన ధ్యాస ఎప్పుడు పక్కకు పోతుందో కనిపెడతాడు. ఈ రెండూ వాడికి దొరకనివ్వకూడదు. ఎలాగో తెలుసుకుందాం.

దొంగ ఎలా ఉంటాడు?

చూసి చెప్పలేం. శుభ్రమైన బట్టలు వేసుకుని ఉండవచ్చు. అందరిలాగే బస్సు కోసం చూస్తూ ఉండవచ్చు. మగవాళ్ళే అని లేదు, ఆడవాళ్ళూ ఉంటారు. మాసిన బట్టలు కట్టుకున్న వాళ్ళంతా దొంగలు కారు. పనికోసం నగరానికి వచ్చే మనమూ మాసిన బట్టలతోనే ఉంటాం కదా!

చాలాసార్లు ఇద్దరు ముగ్గురు కలిసి వస్తారు. ఒకరు తోస్తారు. ఒకరు అడ్డంగా నిలబడతారు. ఒకరు తీస్తారు. తీసింది వెంటనే ఇంకొకరి చేతికి పోతుంది. అందుకే తీసినవాణ్ణి పట్టుకుని వెదికినా ఒక్కోసారి ఏమీ దొరకదు.

ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుంటాం. ఇంకో చేతిలో పిల్లో, సంచో ఉంటుంది. డబ్బును కాపాడటానికి చెయ్యి మిగలదు. దొంగకు కావలసింది అదే.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది. ఆయా ఆర్టీసీల కొన్ని రకాల బస్సుల్లో ఆ రాష్ట్రం ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. కండక్టరుకు గుర్తింపు కార్డు చూపించాలి. ఇది మంచిదే. కాని చాలామంది కార్డునూ డబ్బునూ ఒకే పర్సులో పెడతారు. కిక్కిరిసిన బస్సులో పర్సంతా తెరుస్తారు. నోట్లు అందరి కంటా పడతాయి. కార్డు వేరు, డబ్బు వేరు పెట్టుకోండి.

కోఠి, చార్మినార్ దగ్గర లాడ్ బజారు, సికింద్రాబాదు రైల్వే స్టేషను, పండగ జాతరలు. ఇలాంటి రద్దీ చోట్లా కళ్ళు తెరుచుకుని ఉండాలి.

ధ్యాస ఎలా మళ్ళిస్తారు?

"అమ్మా, నీ చీర మీద ఏదో పడింది" అంటారు. మనం సంచి కింద పెట్టి చీర దులుపుకుంటాం. సంచి ఉండదు.

కాళ్ళ దగ్గర పది రూపాయల నోటు పడేసి "అక్కా, మీదేనా?" అంటారు. మనం వంగుతాం.

బస్సు మెట్ల మీద ముందున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోతుంది. వెనకనుంచి తోపు వస్తుంది. ఆ తోపులో చెయ్యి పడుతుంది. కొందరు బ్లేడుతో సంచి అడుగు కోస్తారు.

రైల్లో మంచి మాటలు చెప్పి టీ, బిస్కెట్లు ఇస్తారు. అందులో మత్తుమందు కలిపి ఉండవచ్చు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఇచ్చింది తినవద్దు. "వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అంటే చాలు. మొహమాటపడవద్దు.

ఇంటి దగ్గరే చేయవలసిన పని

జాగ్రత్త బస్టాండులో మొదలుపెడితే చాలదు. ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి.

ఇంట్లో మనిషిని గాంధీ ఆసుపత్రికి తీసుకుపోతున్నారు అనుకుందాం. మీ దగ్గర 4,000 రూపాయలు ఉన్నాయి. సంఘంలో అప్పు తెచ్చిన డబ్బు. మూడు భాగాలు చేయండి. 3,500 రూపాయలు చిన్న గుడ్డసంచిలో పెట్టండి. ఆ సంచిని లోపలి లంగాకు కుట్టుకోండి, లేదా పిన్నీసు పెట్టుకోండి. 300 రూపాయలు వేరే చోట దాచండి. అది తిరుగు ప్రయాణానికి. మిగిలిన 200 రూపాయలు చేతి పర్సులో ఉంచండి. టీకి, ఆటోకి అందులోంచే తీయండి. పర్సు పోయినా పోయేది 200 రూపాయలే. వైద్యం ఆగదు. ఇంటికి చేరడమూ ఆగదు.

లోపలి డబ్బును బజారులో తీయవద్దు, లెక్కపెట్టవద్దు. తీయవలసి వస్తే ఆడవాళ్ళ మరుగుదొడ్డిలోకి వెళ్ళి తీసుకోండి. బయట మాటిమాటికీ తడుముకోవద్దు. పిన్నీసు గట్టిగా ఉందని తెలిస్తే చెయ్యి అటు పోదు.

నగలు అవసరమైనవే వేసుకోండి. మెడలో గొలుసు ఉంటే కొంగు నిండుగా కప్పుకోండి.

ఒక కాగితం మీద ఇంటివాళ్ళ ఫోను నంబర్లు రాయండి. దాన్ని లోపలి సంచిలో పెట్టండి. ఫోను పోయినా నంబర్లు ఉంటాయి.

ఇప్పుడు ఫోను కూడా పర్సులాంటిదే. చాలామంది డబ్బు అందులోంచే కడుతున్నారు. కాబట్టి ఫోనుకు తాళం నంబరు పెట్టుకోండి. ఆ నంబరూ, బ్యాంకు పిన్ నంబరూ కాగితం మీద రాసి వెంట తీసుకుపోవద్దు. ఫోనులో స్టారు, హాషు, సున్నా, ఆరు, హాషు వరసగా నొక్కండి. 15 అంకెల నంబరు కనబడుతుంది. దాన్ని ఐ.ఎం.ఇ.ఐ. నంబరు అంటారు. అది మీ ఫోను గుర్తు. రెండు సిమ్ముల ఫోనుకు రెండు నంబర్లు ఉంటాయి. వాటిని రాసి ఇంట్లో దాచండి.

ప్రయాణంలో సంచిని వెనక వేలాడదీయవద్దు. ముందుకు తెచ్చి చంకలో పట్టుకోండి. కిటికీ పక్కన కూర్చుని ఫోను బయటికి కనబడేలా మాట్లాడవద్దు.

ఇన్ని చేసినా పోతే?

సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే గట్టిగా అరవండి. డ్రైవరుకు, కండక్టరుకు చెప్పండి. 112 కు ఫోను చేయండి. రైల్లో అయితే 139 కు చేయండి. మీ ఫోనే పోతే పక్కవాళ్ళ ఫోను అడగండి. ముందుగా సిమ్ము ఆపించండి. తరవాత బ్యాంకుకు చెప్పండి. ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే 1930 కు కూడా ఫోను చేయండి.

తరవాత పోలీసు స్టేషనుకు వెళ్ళండి. "ఇది మా పరిధి కాదు" అంటే వెనక్కి రావద్దు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం అమలులో ఉంది. దొంగతనం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులో అయినా ఫిర్యాదు తీసుకోవాలి. నోటితో చెప్పినా వాళ్ళు రాసుకుని మీకు చదివి వినిపించాలి. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి.

మీకు రాయడం వచ్చు కదా! ఇలా రాయండి:

"అయ్యా, ఈ రోజు ఉదయం 10 గంటలకు నేను కోఠిలో బస్సు ఎక్కుతున్నాను. అప్పుడు ఎవరో నా పర్సు దొంగిలించారు. అందులో 200 రూపాయలు, ఆధార్ కార్డు, ఫోను ఉన్నాయి. కేసు నమోదు చేసి నాకు కాపీ ఇవ్వగలరు."

కింద మీ పేరు, ఊరు, తేదీ రాసి సంతకం చేయండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. "పర్సు పోయింది" అని రాస్తే మీరే ఎక్కడో పారేసుకున్నారు అనుకోవచ్చు. "దొంగిలించారు" అనే రాయండి. ఒక్క మాటతో అర్థమే మారిపోతుంది. సంతకం పెట్టేముందు చదువుకోండి.

ఆ కాపీ, ఐ.ఎం.ఇ.ఐ. నంబరు ఉంటే ప్రభుత్వ "సంచార్ సాథీ" ద్వారా ఫోనును ఆపించవచ్చు. అప్పుడు దొంగ వేరే సిమ్ము వేసినా మన దేశంలో అది పనిచేయదు. ఇంట్లో చదువుకున్న పిల్లల సాయం తీసుకోండి.

చివరగా ఒక మాట. డబ్బు పోయిన ఆడమనిషిని ఇంట్లో తిడతారు. "నీకు తెలివి లేదు" అంటారు. ఆ భయంతో కొందరు ఎవరికీ చెప్పరు. లోలోపలే కుమిలిపోతారు. మళ్ళీ ఒంటరిగా నగరానికి పోవడమే మానేస్తారు. నగరాల్లో చదువుకున్న ఉద్యోగుల జేబులూ కొడుతున్నారు. తప్పు దొంగది. పోగొట్టుకున్న వాళ్ళది కాదు. మీ పక్కింటి అక్కకు అలా జరిగితే తిట్టకండి. ఆమె వెంట స్టేషనుకు వెళ్ళండి.

మీ కేంద్రంలో మాట్లాడుకోండి

1. బోర్డు చదివిన మనిషి చెయ్యి దొంగకు ఏం చెప్పింది?
2. మీ దగ్గర 1,000 రూపాయలు ఉంటే మూడు భాగాలు ఎలా చేస్తారు? ఎక్కడెక్కడ పెడతారు?
3. "పోయింది", "దొంగిలించారు". ఈ రెండు మాటలకు తేడా ఏమిటి? మీ పలక మీద రాసి చూపండి.